అమ్మమ్మ ముడుపు, అమ్మాయి ఫైలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



కిందటి సంక్రాంతికి రాజోలు దగ్గర మా పాత ఇల్లు దులుపుతూంటే, అటక మీది భోషాణం అడుగున రెండు చిన్న మూటలు దొరికాయి. ఒకప్పుడు పసుపు గుడ్డలే. రంగు వెలిసి మట్టిరంగుకి తిరిగాయి. ముడి విప్పితే ఒక్కొక్క దానిలో ఒక రూపాయి, ఒక పావలా. రూపాయి మీద అయిదో జార్జి చక్రవర్తి బొమ్మ.

అవి అంతర్వేది నరసింహస్వామికి కట్టిన ముడుపులు. సంతానం కలిగితే బిడ్డతో సహా వెళ్ళి హుండీలో వేస్తామని మొక్కు. సంతానం కలగలేదు. అందుచేత ముడుపులు ఇంట్లోనే ఉండిపోయాయి. ఒకటి మా పెద్దమ్మమ్మది. రెండోది చిన్నమ్మమ్మది. ఇద్దరూ ఒకాయన భార్యలే. ఒకరికి తెలియకుండా ఒకరు కట్టుకున్నారో, ఇద్దరూ కలిసి కూర్చుని కట్టుకున్నారో నాకు తెలియదు. మా అమ్మ కూడా ఎన్నడూ చెప్పలేదు.

నేను ఆ మూటలు ఒళ్ళో పెట్టుకుని చూస్తూండగానే మా మేనకోడలు అమలాపురం నుంచి వచ్చింది. పండక్కి వచ్చిన పిల్ల చేతిలో పిండివంటల డబ్బా ఉండాలి గదా! దీని చేతిలో లావుపాటి ఫైలు. రక్తపరీక్షలు, స్కానింగులు, మందుల చీటీలు, రసీదులు. దానికి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఫైలు నా ముందు పెట్టి, "అత్తయ్యా, రెండుసార్లు అయింది. మూడోసారి వెళ్ళమంటావా, మానమంటావా?" అని అడిగింది.

నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఎవరేమడిగినా వెనక్కి వెళ్ళి చూడడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఆ రాత్రి ఆ పిల్లతో చెప్పిన సంగతులే ఇవాళ మీకూ చెబుతున్నాను. ఇలాంటి ఫైలు ఇప్పుడు చాలా ఇళ్ళల్లో బీరువాలో బట్టల కింద ఉంటోంది. ఎవరూ పైకి చెప్పరు, అంతే.

కోనసీమలో సంతానం లేని ఇల్లాలికి తిరగడానికి చోట్లకి ఏనాడూ కొదవ లేదు. గోదావరి పాయల మధ్య ఊరికొక గుడి. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం, రావి వేప కలిసి పెరిగిన చోట నాగప్రతిష్ఠ, మండలం రోజులు చెట్టు చుట్టూ ప్రదక్షిణలు. అంతర్వేదిలో అయితే తడిబట్టలతో గుడిలో నిద్ర చేసేవారు. కలలో పళ్ళో పువ్వులో కనిపిస్తే కడుపు పండుతుందని నమ్మకం. ఈ కాలంలో ఆత్రేయపురం దగ్గర వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేసేవాళ్ళు ఎక్కువయ్యారు. మా పెద్దమ్మమ్మ కాలంలో ఎడ్లబండి మీదా, కాలవ పడవ మీదా తిరిగేవారు. నేతి పిండివంటలు తినని నెలలు, చాప లేకుండా నేల మీద పడుకున్న నెలలు ఆవిడకి ఎన్నో గడిచాయని మా అమ్మ చెప్పేది.

అయితే ఒక సంగతి గమనించండి. ఆ మొక్కులన్నిటికీ ఒక లెక్క ఉంది. మండలం అంటే నలభై రోజులు. ఏడు శనివారాలంటే ఏడే, ఎనిమిదోది ఎవరూ అడగరు. రూపాయి పావలా అంటే రూపాయి పావలాయే. అదీ పని జరిగిన తరవాత ఇచ్చేది. "దేవుడు ముందు పని చేసిపెట్టి తరవాత డబ్బు పుచ్చుకుంటాడే, మీ ఆస్పత్రి వాళ్ళు ముందు పుచ్చుకుంటారు" అన్నాను. చాలా రోజుల తరవాత ఆ పిల్ల నవ్వింది.

అలాగని ఆ రోజులు మంచివని నేననను. డబ్బు ఖర్చు తక్కువే గాని, ఇంకో రకంగా కట్టించుకునేవారు. బిడ్డలు లేని ఆడదాన్ని శ్రీమంతానికి పిలిచేవారు కారు. బారసాలలో ఉయ్యాల దగ్గరకి రానిచ్చేవారు కారు. ప్రయాణమై గుమ్మం దిగేవాళ్ళకి ఆవిడ ఎదురైతే వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరేవారు. 'గొడ్రాలు' అనే మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేదో పెద్దవాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ మాటకి మగవాడి రూపం ఉన్నదని కూడా చాలామందికి తెలియదు. అవసరం పడలేదు గదా!

1931లో మా తాతయ్య రెండో పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి అది తప్పు కాదు. మన గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1949లో హిందువుల్లో రెండో పెళ్ళిని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. దేశం మొత్తానికి 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. అంతకు ముందు, పిల్లలు పుట్టలేదన్న ఒక్క మాట మీద ఇంటికి సవతి వచ్చేది. మా పెద్దమ్మమ్మే పీటల మీది పిల్లకి పసుపు రాసి, నలుగు పెట్టి, లోపలికి తీసుకొచ్చిందట. ఏం చేస్తుంది?

చిన్నమ్మమ్మకీ పిల్లలు కలగలేదు. ఏడేళ్ళు చూశారు. ఆవిడ చేతా ప్రదక్షిణలు చేయించారు. ఇద్దరు ఇల్లాళ్ళు, ఇద్దరికీ కడుపు పండలేదు. అప్పటికైనా లోపం తాతయ్యలో ఉందేమోనని ఒక్కరికి తోచలేదు. తోచినా నోరు విప్పి ఉండరు. హాలండు దేశంలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తాను తయారుచేసుకున్న భూతద్దం కింద పురుషుడి వీర్యకణాలను 1677లోనే చూశాడు. స్త్రీ అండాన్ని కనిపెట్టింది అంతకు నూట యాభై ఏళ్ళ తరవాత, 1827లో. అంటే మగవాడి సంగతే లోకానికి ముందు తెలిసింది. కాని పరీక్ష దగ్గరకు వచ్చేసరికి, ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో ఆడపిల్లనే ముందు పంపిస్తారు. పిల్లలు కలగని జంటలను తీసుకుంటే, ఇంచుమించు సగం మందిలో మగవారి లోపం విడిగానో, ఆడవారి లోపంతో కలిసో ఉంటుందని వైద్యులు చెబుతారు. మా మేనకోడలి విషయంలోనూ అంతే. నాలుగేళ్ళు దీనికి మందులు మింగించిన తరవాత గాని అబ్బాయికి పరీక్ష చేయించలేదు. అత్తగారు ఒప్పుకోలేదట. "మా వాడికేం, నిక్షేపంలా ఉన్నాడు" అని.

డబ్బున్న ఇళ్ళల్లో ఈ బాధ ఉండేది కాదేమో అనుకుంటారు. మన పొరుగునే ఉన్న పిఠాపురం సంస్థానం సంగతి చూడండి. రాజా గంగాధర రామారావు గారికి కొడుకులు లేక, 1873లో వెంకటగిరి వంశం నుంచి ఒక కుర్రవాణ్ణి దత్తత చేసుకున్నారు. పన్నెండేళ్ళ తరవాత, 1885లో, ఆయనకు సూర్యారావు అనే కొడుకు పుట్టాడు. సంస్థానాన్ని ఆ బిడ్డకే రాసి రాజాగారు పోయారు. దత్తత వచ్చిన ఆయన కోర్టుకెక్కాడు. ఈ పిల్లవాడు నిజంగా రాజాగారికి పుట్టినవాడే కాదని వాదన. దావా లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. జమీందారు తన సంస్థానాన్ని ఎవరికి కావాలంటే వారికి రాసి ఇవ్వవచ్చు, వీలునామా చెల్లుతుంది అని 1899లో తీర్పు వచ్చింది. ఆ సూర్యారావు గారే తరవాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకి పోషకులై, విద్యాదానంలో అంత పేరు తెచ్చుకున్నారు. కాని ఆయన బాల్యమంతా 'నువ్వు ఎవరి బిడ్డవి?' అనే ప్రశ్న కోర్టు కాగితాల మీద నడిచింది. ఆ తల్లి సంగతి నాకు తరచు గుర్తుకొస్తుంది. అన్నేళ్ళు బిడ్డ లేనందుకు మాట పడింది, బిడ్డ పుట్టాక పుట్టినందుకు మాట పడింది.

రాజులకి కొడుకు కావాలి. మా అమ్మమ్మలిద్దరికీ బిడ్డ కావాలి. 1938లో చిన్నమ్మమ్మ అక్కగారికి నాలుగో ఆడపిల్ల. పాలు చాలక పిల్ల ఎండిపోతోంది. పెద్దమ్మమ్మే వెళ్ళి, "ఈ పిల్లని మాకియ్యి" అని అడిగి తెచ్చింది. ఆ పిల్లే మా అమ్మ. హోమం లేదు, కాగితం లేదు. ఎందుకంటే అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం దత్తత మగపిల్లవాడికే. ఆడపిల్లని పెంచుకోవచ్చు గాని ఆ పెంపకానికి కోర్టులో విలువ లేదు. 1956లో దత్తత చట్టం వచ్చిన తరవాతనే ఆడపిల్లని దత్తత తీసుకోవడం, వితంతువో పెళ్ళికానామెయో తన పేరుతో దత్తత తీసుకోవడం వీలయింది. భర్త ఉన్న స్త్రీకి, ఆయన సమ్మతితో తన పేరుతోనే తీసుకునే హక్కు 2010 సవరణతో వచ్చింది.

మా తాతయ్య 1944లో పోయాడు. ఉమ్మడి కుటుంబం, పొలం తమ్ముళ్ళకి పోయింది. మా అమ్మకి మిగిలింది ఒక రాగి కాగు, ఈ భోషాణం. ఇద్దరు తల్లులు. నా చిన్నప్పుడు ఎవరైనా 'మీ అమ్మమ్మ ఎవరు?' అంటే రెండు వేళ్ళు చూపించేదాన్నట.

ఇప్పుడు వైద్యం సంగతికి వస్తాను. మా మేనకోడలి ఫైలులో మొట్టమొదటి చీటీ మీద ఉన్నది ఫోలిక్ ఆసిడ్ మాత్ర. గర్భం రాకముందు నుంచే వేసుకుంటే బిడ్డ వెన్నెముకకీ మెదడుకీ వచ్చే కొన్ని లోపాలను తప్పిస్తుంది. దీని వెనక రెండు కథలున్నాయి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీలకు రక్తం ఎందుకు తగ్గిపోతోందో పరిశోధించింది. ఆహారంలో ఏదో ఒక పదార్థం కొరవడుతోందని చెప్పింది. ఆ పదార్థాన్ని అమెరికాలో లెడర్లీ కంపెనీలో 1945లో తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పుట్టింది భీమవరంలో. మా రాజోలు నుంచి వశిష్ఠ దాటితే ఎంత దూరం! "పొరుగూరి వాడి మందేనే, భయం లేకుండా వేసుకో" అన్నాను.

తరవాతది అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజక్షన్లు. వీటి పుట్టుక వింటే ముక్కున వేలేసుకుంటారు. ముట్టుడిగిన స్త్రీల మూత్రంలో అండాశయాన్ని పని చేయించే హార్మోను మెండుగా ఉంటుంది. పొయ్యి ఆరిపోయినా తెలియక ఊదుతూనే ఉన్నట్టు, అండాశయం పని మానేసినా మెదడు కింది గ్రంథి ఆ హార్మోనును పంపుతూనే ఉంటుంది. 1950లలో ఇటలీలో ఒక మందుల కంపెనీ ముసలి క్రైస్తవ సన్యాసినుల మఠాల నుంచి మూత్రం సేకరించి ఈ మందు తీసింది. దాని సాయంతో మొదటి బిడ్డ 1962లో ఇజ్రాయిల్లో పుట్టింది. బిడ్డలను కననని వ్రతం పట్టిన తల్లుల పుణ్యాన ఎందరికో బిడ్డలు! ఇప్పుడీ మందును ఎక్కువగా ప్రయోగశాలల్లోనే తయారుచేస్తున్నారు. ఖరీదూ అందుకు తగ్గట్టే ఉంది.

ఇక అందరికీ తెలిసిన టెస్ట్ ట్యూబ్ బేబీ. లెస్లీ బ్రౌన్ అనే ఇంగ్లీషు ఇల్లాలికి గర్భసంచికి అటూ ఇటూ ఉండే గొట్టాలు మూసుకుపోయాయి. తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది. 1978 జూలై 25న ఓల్డ్‌హామ్ అనే ఊళ్ళో ఆవిడకి లూయీస్ పుట్టింది. దీనికి కారకులు రాబర్ట్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు, పాట్రిక్ స్టెప్టో అనే డాక్టరు, జీన్ పర్డీ అనే నర్సు. నర్సమ్మ పేరు చాలా ఏళ్ళు ఎవరూ చెప్పలేదు. ఫలకం మీదికి ఆమె పేరు ఎక్కింది 2015లో. ఆమె పోయింది 1985లో.

మనకి పత్రికల్లో కనిపించింది లూయీస్ బోసినవ్వు. నేను మా మేనకోడలికి చెప్పింది ఇంకో లెక్క. 1969 నుంచి 1978 దాకా ఓల్డ్‌హామ్‌లో ఈ ప్రయత్నానికి వచ్చిన స్త్రీలు 282 మంది. పుట్టిన బిడ్డలు ఇద్దరు. అవును, ఇద్దరే. తక్కిన 280 మంది పొట్ట మీద కోత పెట్టించుకుని, మందులు వేసుకుని, ఉత్తి చేతులతో ఇంటికి వెళ్ళారు. 1971లో ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి వీరికి డబ్బు ఇవ్వడానికి నిరాకరించింది. అయినా ఆ స్త్రీలు వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు. ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ బహుమానంలో నా మట్టుకు నాకు ఈ 280 మందికీ వాటా కనిపిస్తుంది. ఈ లెక్క చెప్పగానే మా పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అయితే నేను ఒక్కదాన్నే కాదన్న మాట" అంది.

మన దేశంలో ఈ కథ ఇంకా దుఃఖకరం. లూయీస్ పుట్టిన 70 రోజుల తరవాత, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో దుర్గ అనే పాప పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చిన్న ప్రయోగశాలలో, సామాన్యమైన పరికరాలతో సాధించాడు. పిండాన్ని చల్లబరచి నిల్వ చేసి తరవాత గర్భంలో పెట్టే పద్ధతి ఆయనది. ఈ రోజుల్లో అన్నిచోట్లా చేసేది అదే. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. విదేశానికి వెళ్ళి చెప్పుకోనివ్వలేదు. సంబంధం లేని శాఖకి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నాడు. తరవాత 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డాక్టర్ ఇందిరా హిందుజా చేతుల మీదుగా పుట్టిన హర్షనే దేశంలో మొదటి బిడ్డగా చెప్పుకున్నారు. ఆ బృందంలోని శాస్త్రజ్ఞుడు ఆనంద్ కుమార్ గారే, కలకత్తా వెళ్ళి ముఖోపాధ్యాయ రాతప్రతులు చూసి, మొదటి ఘనత నాది కాదు ఆయనది అని 1997లో ప్రకటించారు. మనుషుల్లో ఇలాంటి వారూ ఉంటారు.

దక్షిణాదిలో మొదటి బిడ్డ 1990లో మద్రాసులో డాక్టర్ కమలా సెల్వరాజ్ ఆస్పత్రిలో పుట్టింది. ఆవిడ సినిమా నటుడు జెమినీ గణేశన్ కూతురు. సినిమాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఈ సంగతి జ్ఞాపకం ఉంటుంది. ఆ రోజుల్లో మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు రేవు దాటి, బస్సెక్కి, రైలెక్కి మద్రాసులోనో వేలూరులోనో నెలల తరబడి గది అద్దెకు తీసుకుని ఉండేవారు. చించినాడ దగ్గరా, ఎదుర్లంక దగ్గరా వంతెనలు వచ్చాక దారి దగ్గరైంది. రాజమండ్రి, కాకినాడ, విజయవాడల్లో వీధికొక బోర్డు వెలిసింది. దారి దగ్గరైంది గాని ఖర్చు దగ్గర కాలేదు.

ఒక విడతకి లక్షన్నర నుంచి రెండు లక్షల పైచిలుకు దాకా అవుతోంది. మందులు, పరీక్షలు, రానూపోనూ ఖర్చులు వేరు. మామూలు బీమా పాలసీలు చాలామటుకు ఈ ఖర్చు ఇవ్వవు. గోవా ప్రభుత్వం 2023లో తన వైద్య కళాశాలలో ఈ చికిత్స ఉచితంగా మొదలుపెట్టింది. అదే ఏడు అక్టోబరులో సికిందరాబాదు గాంధీ ఆస్పత్రిలో సంతాన సాఫల్య కేంద్రాన్ని ప్రారంభించారు. మన కోనసీమ పిల్లలకి మటుకు కొబ్బరితోటే బీమా. మా మేనకోడలు ఖర్చుని రూపాయల్లో చెప్పదు, దింపుల్లో చెబుతుంది. "మొదటిసారికి నాలుగు దింపులు, రెండోసారికి తోటే తాకట్టు" అంటుంది. అంబాజీపేటలో కాయ ధర పడిపోతే ఆ నెల ఇంజక్షన్లకి గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇంకో తమాషా. మొగుడు మస్కట్టులోనో కువైట్‌లోనో ఉంటాడు. ఏడాదికో, రెండేళ్ళకో నెల రోజుల సెలవు. ఆ నెలలో బిడ్డ కలగలేదని ఆ పిల్లకి వైద్యం! ముందు సంసారం ఒకచోట ఉండాలి గదండీ, మందు తరవాత సంగతి.

బోర్డుల మీద రాసే నూటికి ఇంత అనే లెక్కల్ని జాగ్రత్తగా చదవాలి. పరీక్షలో గర్భం నిలిచినట్టు తేలడం వేరు, బిడ్డ చేతికి రావడం వేరు. 'మీ దగ్గర నా వయసు వాళ్ళలో నూటికి ఎంతమంది బిడ్డని ఇంటికి తీసుకెళ్ళారు?' అని అడిగితే, నిజాయితీ గల డాక్టరు కాగితం మీద వేసి చూపిస్తారు. వయసు ముప్పై అయిదు లోపు ఉంటే ఒక్క విడతలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి. నలభై మూడు దాటాక సొంత అండాలతో అయితే నూటికి పదిమంది కూడా ఉండరు. తక్కిన వారిది తప్పు కాదు. మెట్లెక్కినందుకో, దగ్గినందుకో, బరువు ఎత్తినందుకో పిండం జారిపోదు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. పిండం పెట్టించుకున్న తరవాత ఫలితం తెలిసే ఆ పద్నాలుగు రోజులూ మా పిల్ల మంచం దిగలేదు. ఫలితం రాకపోయేసరికి, ఒకనాడు స్నానాలగదికి నడిచి వెళ్ళినందుకు తనని తాను తిట్టుకుంది. అమ్మమ్మని ఊరివాళ్ళు తిట్టారు. ఇది తనని తానే తిట్టుకుంటోంది. అంతే తేడా!

ఇక ఆశకి హద్దు ఎక్కడ? 2019 సెప్టెంబరులో మన తూర్పు గోదావరి జిల్లా వాసియైన ఒక వృద్ధురాలు, డెబ్భై మూడేళ్ళ వయసులో, దానంగా తీసుకున్న అండంతో గుంటూరులో కవల ఆడపిల్లల్ని కన్నది. దేశదేశాల పత్రికల్లో వచ్చింది. మా వీధిలో ఆడవాళ్ళు, "చూశావా, ఆవిడకే పుట్టారు, నీకేం తొందర" అని మా పిల్లతో అన్నారు. ఓదార్పే గాని, ఆ మాట దాన్ని ఇంకో నలభై ఏళ్ళు తాకట్టు పెట్టింది. 2021లో ఈ చికిత్సలకి చట్టం వచ్చింది. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్త్రీకి ఏభై, పురుషుడికి ఏభై అయిదు దాటితే చికిత్స చేయకూడదు. కేంద్రాలు రిజిస్టరు చేయించుకోవాలి. అద్దె గర్భం డబ్బుకి ఒప్పుకోవడం నిషేధం. చట్టం ఉన్నంత మాత్రాన మోసం ఆగలేదు. 2025 జూలైలో సికిందరాబాదులో, అద్దె గర్భం పేరిట లక్షలు తీసుకుని ఎవరి బిడ్డనో తెచ్చి చేతిలో పెట్టారని పోలీసులు కేసు పెట్టారు. ఆ దంపతులు డి.ఎన్.ఎ. పరీక్ష చేయించుకుంటే గాని బయటపడలేదు. ఎంత ఆరాటంలో ఉంటే మనిషి రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగడం మరచిపోతాడో ఆలోచించండి.

చట్టం వయసుకి హద్దు పెట్టింది. ఎన్నిసార్లు, ఎంత డబ్బు అన్నదానికి పెట్టలేదు. మొక్కుకి మండలం ఉంది, శనివారాలకి ఏడు ఉంది. వైద్యానికి మటుకు ఇంకొక్కసారి అనే మాట ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అదీ నాకు మా పిల్ల ఫైలు చూస్తే కలిగిన భయం. ఇంగ్లండులో ప్రభుత్వానికి వైద్య సలహాలిచ్చే సంస్థ 2004లో, నలభై లోపు స్త్రీలకి మూడు పూర్తి విడతలు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలని సిఫారసు చేసింది. అన్ని ఊళ్ళలో అమలు కాలేదనుకోండి. కాని ఆ మూడు అనే సంఖ్య వెనక లెక్క ఉంది. పడుచు వయసులో మూడు విడతలయ్యేసరికి ఇంచుమించు సగం మందికి బిడ్డ చేతికి వస్తుంది. మిగతా సగానికి రాదు. ఈ రెండో వాక్యం కూడా చెప్పి తీరాలి. చెప్పకపోతే అది సలహా కాదు, బోర్డు.

మా పెద్దమ్మమ్మ ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఒక కార్తీక మాసంలో పుట్టలో పాలు పోసి ఇంటికొచ్చి, అత్తగారితో, "ఇక నేను ఎక్కడికీ రానండి, ఇదే ఆఖరు" అందట. అత్తగారు నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదట. ఆ తరవాతి వేసవిలోనే మా అమ్మని తెచ్చుకున్నారు. పాలు లేక ఎండిపోయిన పిల్లకి ఆవుపాలలో నీళ్ళు కలిపి, దూది వత్తితో పట్టారట ఇద్దరూ. ఒకావిడ పగలు, ఒకావిడ రాత్రి.

ఇదంతా విని మా మేనకోడలు పొద్దున్నే మొగుడికి ఫోన్ చేసి రమ్మంది. అబ్బాయి మంచివాడు, మాట తక్కువ. ఇద్దరూ వసారాలో కూర్చుని మధ్యాహ్నం దాకా లెక్కలు వేసుకున్నారు. తోట తాకట్టు ఎంత, మిగిలిన గాజులు ఎన్ని, అమ్మకూడనిది ఏది. నేను కల్పించుకోలేదు. భోజనాలయ్యాక ఆ పిల్ల ఫైలు అట్ట మీద రాసింది: 'మూడోసారి. ఇదే ఆఖరు. ఇల్లు అమ్మకూడదు.' కింద సంతకం పెట్టింది. అబ్బాయి కూడా పెట్టాడు. "అత్తయ్యా, సాక్షి సంతకం నువ్వు పెట్టు" అంది. పూర్వం దత్తత కాగితాల మీద ఊరిపెద్దలు పెట్టేవారే, అలాగ పెట్టాను.

ముడుపులు రెండూ మళ్ళీ ముడివేసి భోషాణంలోనే ఉంచాను. పిల్లలిద్దరూ రాజమండ్రి వెళ్ళారు. ఈ నెలాఖరుకి ఫోన్ చేస్తామన్నారు.